సిస్టర్ మాట చెల్లాలి

తెలంగాణలో పదిమంది పిల్లలు పుడితే ఆరుగురు ఆపరేషన్ బల్ల మీదే పుడుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క 60.7 శాతం. ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే తీసుకుంటే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం సగటు 21.5. ఏ ప్రాంతంలోనైనా సిజేరియన్లు 10 నుంచి 15 శాతం దాటడానికి కారణం కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. ఆ మాట పాతబడింది, ఇప్పటి తల్లుల వయసు వేరు, బరువు వేరు, షుగరూ బీపీ ఎక్కువ అని కొందరు డాక్టర్లు అంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ 15కీ 81కీ మధ్య ఉన్న దూరం ఆ కారణాలతో పూడేది కాదు.

ఈ అంకెలు బయటికి వచ్చినప్పుడల్లా మనం కోపం తెచ్చుకుంటాం. డబ్బు కోసం కోస్తున్నారని ఆసుపత్రులను తిడతాం. ముహూర్తాలు పెట్టించుకుని కనే పిచ్చిని తిడతాం. ఈ కోపంలో అన్యాయమేమీ లేదు. కాకపోతే ఒక్క ప్రశ్న మాత్రం మనం అడగడం లేదు. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ బయట పడేదాకా పది పన్నెండు గంటలు ఆ తల్లి పక్కన ఉండగలిగిన మనిషి, ఏది మామూలు నొప్పో ఏది ప్రమాదమో చెయ్యి వేసి చెప్పగలిగిన మనిషి మన ఆసుపత్రుల్లో ఎవరు? ఆమె మాటకు మనం ఇచ్చిన విలువ ఎంత?

ఆ మనిషి నర్సు. మూడేళ్ల జీఎన్ఎమో, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగో చదివి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి, ఇరవై ఒకటో ఇరవై రెండో ఏట స్టాఫ్ నర్సుగా చేరుతుంది. పదేళ్లు గడిచేసరికి వేల కాన్పులు చూసి ఉంటుంది. ఏ తల్లి ముఖం చూస్తే ఏం జరగబోతోందో ఆమెకు ముందే తెలుస్తుంది. కానీ ఆమె ఉద్యోగం చేరిన నాడు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ప్రమోషన్ వస్తే హెడ్ నర్సు అవుతుంది. అంటే మంచం దగ్గర్నుంచి లేచి డ్యూటీ చార్టులు, స్టాకు రిజిస్టర్ల దగ్గర కూర్చుంటుంది. పని బాగా వచ్చిన మనిషిని ఆ పనికే దూరం చేయడాన్ని మనం ఎదుగుదల అంటున్నాం. చదువు చెప్పాలనుకుంటే ఎమ్మెస్సీ చేసి కాలేజీకి వెళ్తుంది. రోగి దగ్గరే ఉంటూ, ఇంకా నేర్చుకుంటూ, నేర్చుకున్నదాని మేరకు నిర్ణయాధికారం పెంచుకుంటూ వెళ్లే దారి ఆమెకు మొన్నటిదాకా లేనే లేదు.

నర్స్ ప్రాక్టీషనర్ అంటే ఆ దారే. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి దీన్ని మొదలుపెట్టారు. డాక్టర్లు దొరకని పల్లెల్లో పిల్లల్ని పరీక్షించి, జబ్బు గుర్తించి, తన పరిధిలో ఉన్నదానికి వైద్యం చేసి, లేనిదాన్ని పైకి పంపేలా అనుభవమున్న నర్సుకు మరింత చదువు చెప్పారు. అప్పట్లో డాక్టర్లూ, నర్సింగ్ పెద్దలూ కూడా దాన్ని వ్యతిరేకించారు. ఇవాళ అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాల్లో నర్స్ ప్రాక్టీషనర్ డాక్టరు సంతకం అక్కర్లేకుండానే రోగిని చూసి మందు రాయగలదు. మన దగ్గర ఐసీయూల కోసం రెండేళ్ల క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తీసుకొచ్చింది. ప్రసవాల కోసం తెలంగాణ 2017లోనే ముందడుగు వేసింది. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో ముప్పై మంది ప్రభుత్వ నర్సులతో పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కేంద్రం దేశం మొత్తానికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది ఆ తర్వాత, 2018 డిసెంబరులో. అందులో వీళ్లకు పెట్టిన పేరు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ. దేశంలోకెల్లా అడ్డగోలుగా కడుపులు కోస్తున్న రాష్ట్రమే, ఆ కోతను తగ్గించగల నర్సును కేంద్రం మార్గదర్శకాల కంటే ముందుగా తయారు చేసుకోవడం మొదలుపెట్టింది. ఇందుకు మనం గర్వపడాలి. ఆ గర్వంతో పాటు ఒక బాధ్యత కూడా మన మీద పడింది.

ఈ శిక్షణ పొందిన సిస్టర్ ఏం చేస్తుందో దగ్గర నుంచి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ఒక జిల్లా మాతాశిశు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న ఒకామెను చూశాను. తొలి కాన్పు పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో, మంచం కడ్డీ పట్టుకుని వణికిపోతోంది. మామూలుగా అయితే వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకి కట్టి, గ్లూకోజులో నొప్పుల మందు కలిపి ఎక్కించి, "అరవకు" అని గదమాయించేవాళ్లు. ఈమె ఆ అమ్మాయిని లేపి నిలబెట్టింది. గదిలో నాలుగడుగులు నడిపించింది. నొప్పి వచ్చినప్పుడల్లా తన భుజాల మీద వాలమని చెప్పి, నడుము కింద అరచేతి మడమతో గట్టిగా అదిమిపట్టింది. నొప్పి వదలగానే గోరువెచ్చని నీళ్లు తాగించింది. పొట్ట మీద చెయ్యి వేసి గోడ గడియారం చూస్తూ పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వస్తున్నాయో లెక్కబెట్టింది. అరగంటకోసారి డాప్లర్ పెట్టి బిడ్డ గుండె చప్పుడు విని పార్టోగ్రాఫ్ కాగితం మీద చుక్క పెట్టింది. పనికిమాలిన పరీక్ష ఒక్కటీ చేయలేదు. ఎక్కడ గీత దాటితే డాక్టరమ్మకు ఫోన్ చేయాలో ఆ కాగితమే చెబుతుంది. ఆ గీత ఎప్పుడు దాటబోతోందో మాత్రం కాగితం కంటే ముందు ఆమె చెయ్యి చెబుతుంది.

తెల్లవారుజామున ఆ పిల్ల పక్కకు తిరిగి పడుకునే కనింది. కోత లేదు, కుట్లు లేవు. బిడ్డను తుడిచి తల్లి రొమ్ము మీదే పడుకోబెట్టి, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా ఆగి కత్తిరించింది. మాయ పూర్తిగా వచ్చిందా లేదా అని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. గర్భసంచి గట్టిపడిందా అని మళ్లీ మళ్లీ తడిమింది. రక్తం కొలిచి రాసుకుంది. కాన్పు తర్వాత తల్లి ప్రాణం పోయేది ఎక్కువగా రక్తస్రావంతోనే. ఆ గంటలో కన్ను ఆర్పకుండా ఉండటం కూడా ఆమె చదువులో భాగమే.

కానీ ఆ రాత్రి ఆ గది తలుపు బయట జరిగింది కూడా చెప్పాలి. పిల్ల మేనత్త మూడుసార్లు లోపలికి వచ్చింది. "డాక్టరమ్మ ఏది? సిస్టర్‌తోనే పని కానిస్తరా? పోరి తట్టుకుంటలేదు, ఆపరేషన్ చేసెయ్యమనండి" అని గొడవ పెట్టుకుంది. భర్త ఫోన్‌లో ఎవరితోనో ప్రైవేటుకు తీసుకెళ్దామా అని మాట్లాడుతున్నాడు. ఆ సిస్టర్ నొప్పి పడుతున్న పిల్లకు ఒక చెయ్యి, బయట ఉన్నవాళ్ల భయానికి ఇంకో చెయ్యి అందిస్తూ తెల్లార్లూ గడిపింది. చివరికి బిడ్డ పుట్టాక స్వీట్ బాక్సు వెళ్లింది పొద్దున డ్యూటీకి వచ్చిన డాక్టరుకు.

ఇది ఆ ఒక్క కుటుంబం తప్పు కాదు. మనమందరం చేస్తున్నదే. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లినప్పుడు ఏం చదివావని మనం అడగం. జ్వరానికి సూది వేస్తే వేయించుకుంటాం, సెలైను పెడితే పెట్టించుకుంటాం. నాలుగేళ్లు చదివి, కౌన్సిల్ నంబరుతో, మళ్లీ ఏడాదిన్నర ప్రత్యేక శిక్షణతో ఎదురుగా నిలబడ్డ ఆడమనిషిని మాత్రం "నువ్వెవరు, డాక్టరును పిలువు" అంటాం. ఆ మాట అన్నప్పుడల్లా మనం మన ఇంటి ఆడపిల్లను ఆపరేషన్ థియేటర్ వైపు ఒక అడుగు నెడుతున్నాం. కుటుంబం ఒత్తిడి చేస్తే, రేపు ఏదైనా అయితే మన మీద పడతారేమో అన్న భయంతో కత్తి పట్టే డాక్టర్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామంది ఈ సంగతి దాచుకోరు కూడా.

"ఏదైనా అయితే?" అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి నిజాయితీగా జవాబు చెప్పాలి. గర్భిణుల్లో దాదాపు 15 శాతం మందికి ప్రాణం మీదికి తెచ్చే చిక్కులు రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అలాంటి తల్లికి స్పెషలిస్టు కావాలి, థియేటర్ కావాలి, రక్తం కావాలి. మిడ్‌వైఫ్ ఆ తల్లిని తన దగ్గరే ఉంచుకోదు, ఉంచుకోకూడదు. అందుకే మార్గదర్శకాలు మిడ్‌వైఫరీ యూనిట్లను ఎక్కడో ఊరి చివర పెట్టమనలేదు, డాక్టర్లున్న పెద్ద ఆసుపత్రి ఆవరణలోనే పెట్టమన్నాయి. మిగిలిన ఎనభై అయిదు శాతం మందికి కావలసింది ఓపిక, కాపలా, ధైర్యం. బ్రిటన్‌లో మామూలు కాన్పులు మిడ్‌వైఫ్‌ల చేతుల్లోనే జరుగుతాయి. 2015లో ఆ దేశపు రాజవంశంలో షార్లెట్ పుట్టినప్పుడు పురుడు పోసింది మిడ్‌వైఫ్‌లే. రాజుగారి ఇంటికి సరిపోయిన భద్రత మన కరీంనగర్‌కూ కర్నూలుకూ సరిపోదని ఎలా అంటాం? శ్రీలంక సంపన్న దేశమేమీ కాదు. పల్లె పల్లెకూ తిరిగే ప్రభుత్వ మిడ్‌వైఫ్‌ల బలం మీదే అది తల్లుల మరణాలను మనకంటే ఎంతో ముందుగా తగ్గించుకుంది. మనం ఎక్కడున్నామో కూడా తక్కువ చేసి చెప్పను. 2018-20 నాటికి సజీవంగా పుట్టిన ప్రతి లక్షమంది పిల్లలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43కు, ఆంధ్రలో 45కు దిగాయి. దేశం సగటు 97. ఈ ఘనతలో సగం పేరు ఏఎన్ఎంలది, లేబర్ రూమ్ నర్సులది. ఆ సంగతి ఏ సభలోనూ ఎవరూ చెప్పలేదు.

డాక్టర్లతో ఒక మాట చెప్పుకోవాలి. 2019లో నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు ఇస్తానన్నప్పుడు దేశమంతా వైద్య సంఘాలు సమ్మె చేశాయి. అరకొర చదువుతో జనం ప్రాణాలతో ఆడుకుంటారన్న భయం అందులో ఉంది. ఆ భయం నిజమైనదే, దాన్ని తోసిపుచ్చను. కానీ అయ్యా, అమ్మా, రాత్రి రెండు గంటలకు మీరు రాలేని చోట మీ వార్డును కాస్తున్నది ఎవరు? ఫోన్‌లో మీరు చెప్పిన మందు ఇచ్చి, పొద్దున మీ సంతకం కోసం కేస్ షీటు పట్టుకుని నిలబడేది ఎవరు? ఆ పనంతా ఆమె ఇప్పటికే చేస్తోంది. చాటుగా, రక్షణ లేకుండా, పొరపాటు జరిగితే నింద ఒక్కతే మోసేలా చేస్తోంది. ముందే రాసిపెట్టిన ప్రోటోకాల్ ప్రకారం, తన పేరుతో, తన సంతకంతో చేయనివ్వండి అన్నదే ఇక్కడ అడుగుతున్నది. హైదరాబాద్‌లో మిడ్‌వైఫ్‌ల కోసం అందరికంటే గట్టిగా గొంతెత్తిన ఎవిటా ఫెర్నాండెజ్ స్వయంగా ప్రసూతి వైద్యురాలు. మామూలు కాన్పు మిడ్‌వైఫ్‌కు అప్పజెప్పితే చిక్కు కాన్పుకు డాక్టరుకు తీరిక దొరుకుతుందని ఆ దారిలో నడిచిన వైద్యులకు అనుభవంలో తెలుసు.

ప్రభుత్వాల సంగతికి వస్తే, శిక్షణ ఇవ్వడంతో పని అయిపోయిందనుకునే అలవాటు పోవాలి. ఏడాదిన్నర కష్టపడి మిడ్‌వైఫరీ నేర్చుకున్న నర్సును మనుషులు చాలడం లేదని తీసుకెళ్లి మరో వార్డులో వేస్తే ఆ చదువు ఏమైపోవాలి? ఆమెకంటూ విడిగా ఒక కేడర్ లేదా పోస్టు లేకపోతే, జీతంలో తేడా లేకపోతే, ఇంటినీ పిల్లల్నీ వదిలి శిక్షణకు వచ్చిన వాళ్లను చూసి వెనకవాళ్లు ఏం నేర్చుకుంటారు? పల్లె దవాఖానాల్లో, విలేజ్ క్లినిక్‌లలో బీపీ, షుగరు చూసి మందులిస్తున్న కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లలోనూ చాలామంది నర్సింగ్ చదివినవాళ్లే. వాళ్ల ఉద్యోగం కాంట్రాక్టు మీద వేలాడుతోంది. ఊరి ప్రాణాలు చూసుకోమని నమ్మకంగా అప్పజెప్పిన మనిషికి వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో చెప్పకపోవడం ఏం న్యాయం? 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. దాని కింద రాష్ట్రాల్లో ఏర్పడే కమిషన్లలో వార్డులో పని చేసిన నర్సుల గొంతు వినబడేలా చూడటం మన శాసనసభ్యుల పని. ఆ పని వాళ్లతో చేయించడం మన పని.

ప్రైవేటు ఆసుపత్రుల గురించి రాయాలంటే కలం బరువెక్కుతుంది. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ స్పష్టంగా సిఫారసు చేసింది. రెండొందల పడకలు దాటిన ఆసుపత్రి నర్సుకు ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలి. వంద దాటితే పది శాతానికి మించి తగ్గకూడదు. యాభై దాటితే పాతిక శాతానికి మించి తగ్గకూడదు. ఎంత చిన్న ఆసుపత్రి అయినా నెలకు 20,000కు తక్కువ ఇవ్వకూడదు. మన ఊళ్లలోని నర్సింగ్ హోముల్లో ఆ 20,000 చేతికి అందని సిస్టర్లు ఎంతమంది ఉన్నారో మీ వీధి చివర ఉన్న ఆసుపత్రిలో అడిగి చూడండి. నాకు తెలిసిన ఒక అమ్మాయి తొలి ఉద్యోగంలో చేరినప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. పైచదువుకు సీటు వచ్చిందని వాటిని అడిగితే డబ్బు కట్టమన్నారు. ఆ ఏడాది ఆమె చదువు ఆగింది. ఇలాంటి ఆసుపత్రుల్లో మనం బిల్లులు కడుతున్నాం. అక్కడి ఏసీ గదులను మెచ్చుకుంటున్నాం. రాత్రంతా మనవాళ్ల డ్రిప్పు మార్చిన పిల్ల ఎంత జీతానికి పని చేస్తోందో ఒక్కసారీ అడగలేదు.

ఇంకో గాయం ఉంది. అది ఎవరి బడ్జెట్‌లోనూ లేదు. నర్సు పిల్లను కోడలిగా తెచ్చుకోవడానికి ఇప్పటికీ వెనకాడే ఇళ్లున్నాయి. నైట్ డ్యూటీలు చేస్తుంది కదా అంటారు. మగ రోగులను ముట్టుకుంటుంది కదా అంటారు. మన సినిమాలు నర్సును చూపించిన తీరు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఒంటి మీది మలమూత్రాలు, చీము, రక్తం తుడిచే పనిని తక్కువ కులాల పనిగా చూసిన పాత చూపు నుంచే ఇదంతా పుట్టింది. అందుకే ఎన్నో తరాల పాటు ఈ చదువుకు ముందుకొచ్చింది ఎక్కువగా దళిత, క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. వాళ్లు మన తల్లులకు పురుళ్లు పోశారు, మన తాతలకు కళ్లు మూశారు. వాళ్ల బిడ్డలు ఇవాళ నర్స్ ప్రాక్టీషనర్లుగా నిర్ణయం తీసుకునే స్థానంలోకి వస్తామంటుంటే మనకు కలిగే ఇబ్బందిలో ఆ పాత చూపు ఎంతుందో ఎవరికి వారు తమలో తాము వెతుక్కోవాలి.

విదేశాలకు వెళ్లిపోతున్నవాళ్లను నిందించే హక్కు మనకు లేదు. ఎన్‌క్లెక్స్ రాసి అమెరికాకు, ఓఈటీ రాసి బ్రిటన్‌కు, లేదంటే గల్ఫ్‌కు మన అమ్మాయిలు పోతున్నది జీతం కోసమే కాదు. అక్కడ నర్సు చెప్పిన మాట కేస్ షీటులో ఒక లెక్కలోకి వస్తుంది. అక్కడే చదివి నర్స్ ప్రాక్టీషనర్ అయిన తెలుగు ఆడపడుచులున్నారు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు తమ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పని చేసే పాత స్నేహితురాలితో వాళ్లు కూర్చుని మాట్లాడాలి. అక్కడ ప్రోటోకాళ్లు ఎలా రాస్తారు, డాక్టరుతో బాధ్యత ఎలా పంచుకుంటారు, తప్పు జరిగితే దాన్ని దాచకుండా ఎలా పరిశీలిస్తారు, ఇవన్నీ చెప్పాలి. ఊరికి గుడి గోపురం కట్టించినంత పుణ్యం అందులోనూ ఉంది.

ఇప్పుడే చదువు ముగించి బయటికొస్తున్న చెల్లెళ్లారా, మీ మీద కూడా కొంత భారం ఉంది. మొదటి రెండు మూడేళ్లు కష్టమైన వార్డు అడిగి తీసుకోండి. లేబర్ రూమ్ అయినా, ఐసీయూ అయినా, క్యాజువాలిటీ అయినా సరే. మీరు చేసిన కాన్పులు, చూసిన కేసులు మీ సొంత పుస్తకంలో, రోగి పేరు లేకుండా, రాసిపెట్టుకోండి. రేపు శిక్షణకు ఎంపిక జరిగేటప్పుడు అదే మీ బలం. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు దాటనివ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. సీనియర్ సిస్టర్ రోగిని కసురుకుంటుంటే అది అనుభవం అనుకుని నేర్చుకోకండి. నొప్పుల్లో ఉన్న పేద ఆడదాని మీద చెయ్యి చేసుకునే పాడు అలవాటు మన లేబర్ రూముల్లో ఉంది. అది మీ తరంతో ఆగాలి. మీకు అధికారం కావాలని మేము అడుగుతున్నాం. ఆ అధికారం మంచం మీద ఉన్న తల్లి గౌరవం కాపాడటానికి వాడతారని నమ్మి అడుగుతున్నాం. తెలియనిది తెలియదని చెప్పి, సమయానికి డాక్టరును పిలవడం మీ చదువులో అన్నిటికంటే పెద్ద పాఠం. దానికి ఎప్పుడూ చిన్నతనం పడకండి.

ఇక మనం. ఇంట్లో కాన్పు ఉన్నప్పుడు డ్యూటీలో ఉన్న సిస్టర్ పేరు అడిగి, ఆమెను పేరుతో పలకరించి, ఆమె చెప్పేది చివరిదాకా విందాం. పంచాంగం పక్కన పెడదాం. ప్రతి ప్రభుత్వ ఆసుపత్రికీ ఒక అభివృద్ధి సంఘం ఉంటుంది, దాంట్లో మనం ఓటేసిన మనుషులూ ఉంటారు. ఈసారి వాళ్లు ఫ్యాన్లు, బెంచీలు, రంగుల గురించి మాట్లాడుకునేటప్పుడు మనలో నలుగురం వెళ్లి అడుగుదాం. మన ఆసుపత్రిలో మిడ్‌వైఫరీ శిక్షణ పొందిన నర్సులు ఎంతమంది? ఈ నెల డ్యూటీ చార్టులో వాళ్లను ఏ వార్డులో వేశారు? లేబర్ రూమ్‌లో లేకపోతే, ఎందుకు లేరు?